మిగతావాళ్ళు ఎక్కడికి పోయారు?

చిరంజీవులైన పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

ఆత్మకూరు నుంచి ఏడో తరగతి చదువుతున్న ఒక పాప ఉత్తరం రాసింది. వాళ్ళ అక్క ప్రైవేటు ఇంజనీరింగు కాలేజీలో చేరిన ఏడాది తరగతి గది కిటకిటలాడేదట. చివరి ఏడాదికి వచ్చేసరికి వెనక రెండు వరసల బెంచీలు ఖాళీగా ఉంటున్నాయట. "ఫీజు ప్రభుత్వమే కడుతుంది కదా తాతయ్యా, మరి మిగతావాళ్ళు ఎక్కడికి పోయారు?" అని అడిగింది. కాలేజీలు నడిపేవారు ఏటా తమకు తాము వేసుకోవలసిన ప్రశ్న ఇది.

మీకు బాగా తెలిసిన కాలువ సంగతితో చెబుతాను. నా చిన్నతనంలో మా పొలం విడవలూరు వైపు, కాలువకు చిట్టచివర ఉండేది. సంగం ఆనకట్ట దగ్గర నీళ్ళు వదిలారని కబురు వచ్చినంత మాత్రాన మా మడిలోకి నీళ్ళు వచ్చేవి కావు. గండ్లు పడి పోయేవి కొన్నే. ఎండ్రకాయలు తవ్విన బొరియల్లోంచి ఎవరి కంటా పడకుండా జారిపోయేవే ఎక్కువ. అందుకే భుజాన పార వేసుకొని, రాత్రయితే లాంతరు పట్టుకొని, కాలువను కాచే లస్కరు గట్టు వెంట తిరిగేవాడు. బడి లేని రోజుల్లో నేనూ ఆయన వెనక నడిచేవాణ్ణి. ఆయన కాలువలో పారే నీళ్ళ వంక చూసేవాడు కాదు. గట్టుకు అవతలి వైపు, పొడిగా ఉండవలసిన మట్టి ఎక్కడ చెమ్మగిల్లిందో చూసేవాడు. చెమ్మ కనపడగానే గడ్డిని ఉండగా చుట్టి, బొరియలో కుక్కి, పైన బంకమట్టి వేసి మడమతో తొక్కేవాడు. సాయంత్రం వేలు పట్టే బొరియ తెల్లవారేసరికి చెయ్యి పట్టేంత అవుతుందనీ, మధ్యాహ్నానికి గండి అవుతుందనీ చెప్పేవాడు. మా పంట ఆయన చలవే. తూము ఎత్తిన పెద్దమనుషుల పేర్లు రాతి పలకల మీద ఉన్నాయి గాని, ఆయన పేరు ఎక్కడా లేదు.

కాలేజీలో సీటు రావడమంటే తూము ఎత్తడమే. మన ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి 2.5 లక్షల రూపాయలలోపు ఆదాయం ఉన్న కుటుంబాల పిల్లలకు, కన్వీనరు కోటాలో, అంటే ప్రవేశ పరీక్ష ర్యాంకును బట్టి ప్రభుత్వం నింపే సీట్లలో, సీటు వస్తే, ప్రభుత్వం ఫీజు చెల్లిస్తుంది. అఖిల భారత సాంకేతిక విద్యా మండలి ప్రగతి పథకం కింద, ఎంపికైన ఆడపిల్లలకు, ఇంటికి ఇద్దరి వరకు, ఏటా 50,000 రూపాయల ఉపకార వేతనం ఇస్తుంది. ఇవన్నీ ఆనకట్ట దగ్గరి నీళ్ళు. ఇవి లేనిదే ఏమీ లేదు, నిజమే. కాని నాలుగేళ్ళ పొడవున్న కాలువలో బొరియలు ఎక్కడెక్కడ పడతాయో చూడండి.

మొదటి బొరియ కాగితాలలోనే పడుతుంది. పదో తరగతి మార్కుల జాబితాలో ఒక పేరు, ఆధారులో ఇంకో పేరు ఉంటుంది. ఆదాయ ధ్రువపత్రానికి గడువు తీరి ఉంటుంది. తండ్రి పామూరు నుంచి బెంగుళూరుకు కూలికి వెళ్ళి ఉంటాడు. సంతకం పెట్టేవారు ఉండరు, ఇంట్లో ఉన్న నాయనమ్మకు చదువు రాదు. ప్రభుత్వం వారి జ్ఞానభూమి వెబ్‌సైటులో దరఖాస్తు ఆగిపోతే ఫీజు రాదు. ఫీజు రాకపోతే పిల్లవాడు ఆఫీసు కిటికీ దగ్గరికి పోవడానికే సిగ్గుపడి, నెమ్మదిగా కాలేజీకే రావడం మానేస్తాడు. మంచి కాలేజీలో దీనికోసమే ఒక గుమాస్తా ఉంటాడు. ఆయన పిల్లవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకొని దరఖాస్తు నింపిస్తాడు, పేరు దిద్దించుకోవడానికి ఏ సచివాలయానికి వెళ్ళాలో రాసిస్తాడు, నాయనమ్మతో ఫోనులో మాట్లాడతాడు. నన్నడిగితే, కాలేజీలో ప్రిన్సిపాలు తరువాత అంత ముఖ్యమైన మనిషి ఆయనే. ప్రభుత్వ సొమ్ము ఆలస్యమైన ఏడాది హాల్ టికెట్టు ఆపకుండా పిల్లల్ని పరీక్షకు కూర్చోనిచ్చే యాజమాన్యాలున్నాయి, ఆపేవీ ఉన్నాయి. రెండింటికీ తేడా రంగుల కరపత్రంలో కనపడదు.

రెండో బొరియ హాజరు. నూటికి 75 ఉండాలి. 65 దాకా తగ్గితే అనారోగ్యం రుజువు చేసి, రుసుము కట్టి గట్టెక్కవచ్చు. అంతకన్నా తగ్గితే ఆ సెమిస్టరును కింది తరగతి పిల్లలతో కలిసి మళ్ళీ చదవాలి. కందుకూరు, కొండపి వైపు పొగాకు బ్యారన్ కాల్చే రోజుల్లో, అంటే కొట్టంలో మంట పెట్టి ఆకు ఆరబెట్టే రోజుల్లో, ఇంటి పనికి నిలిచిపోయే పిల్లలు ఎందరో. నెల చివర లెక్క తీసి నోటీసు బోర్డుకు అంటించే కాలేజీ గండి పడ్డాక వచ్చినట్టు. ఇరవై మందికి ఒక అధ్యాపకుణ్ణి బాధ్యుడిగా పెట్టి, మూడో రోజే ఇంటికి ఫోను చేయించేది మా లస్కరు లాంటిది. ఆడపిల్ల రాకపోతే ఫోను చాలదు. ఒక్కోసారి పెళ్ళి మాటలు నడుస్తుంటాయి. అప్పుడు ఒక టీచరమ్మ బస్సెక్కి ఆ ఇంటికి వెళ్ళి, తల్లిదండ్రుల ఎదుట కూర్చొని మాట్లాడి వస్తే, చాలా చోట్ల ఆ పెళ్ళి డిగ్రీ చేతికి వచ్చేదాకా ఆగుతుంది.

తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లలకు మొదటి సెమిస్టరు లెక్కలు ఇంగ్లీషులో ఎదురవుతాయి. రెండు సబ్జెక్టులు తప్పుతాయి, తప్పినవి మిగిలిపోతాయి, వాటిమీద కొత్తవి చేరతాయి. సాయంత్రం బస్సు వెళ్ళకముందే ఆ పిల్లలకు విడిగా ఒక గంట పాఠం చెప్పించడం ఖరీదైన పని కాదు. గ్రంథాలయం నుంచి సెమిస్టరు పొడుగునా పుస్తకాలు ఇవ్వడం, బస్సు ఫీజు వాయిదాల మీద తీసుకోవడం కూడా పెద్ద ఖర్చు కాదు. కట్టలేక చదువు ఆగే మొత్తం ఒక్కోసారి ఎంత చిన్నదో తెలిస్తే మీరు ఆశ్చర్యపోతారు.

ఇదంతా దయతోనే చేస్తారా అని మీలో తెలివైనవారు అడుగుతారు. కొందరు దయతోనే చేస్తారు. 1951లో కావలిలో దొడ్ల రామచంద్రారెడ్డిగారు జవహర్ భారతి కాలేజీని స్థాపించారు. అంతకుముందు ఆ చుట్టుపక్కల పల్లెల పిల్లలకు కాలేజీ చదువంటే నెల్లూరో గుంటూరో వెళ్ళడమే. ఆ తరం వారిలో లాభం లెక్క కన్నా ఊరి మీద మమకారమే ఎక్కువ. నేటి యాజమాన్యాలలో లెక్క కూడా ఉంది, ఉంటే తప్పు లేదు. ఒక పిల్లవాడు మొదటి ఏడాదిలో మానేస్తే మిగిలిన మూడేళ్ళ ఫీజూ పోతుంది. డిప్లొమా చదివినవారు రెండో ఏడాదిలో నేరుగా చేరతారు గాని, ఖాళీలన్నీ వారితో నిండవు. అంటే పిల్లవాణ్ణి నిలబెట్టుకోవడంలో కాలేజీకీ మేలుంది. ఇంత తెలిసీ గట్టు వెంట నడవడానికి బద్ధకించే వారిని చూస్తేనే నాకు కోపం.

జారిపోయినవారు కొందరు తిరిగి రావచ్చు కూడా. నాలుగేళ్ళ బీటెక్కును ఎనిమిదేళ్ళలోగా పూర్తి చేయవచ్చునని మన సాంకేతిక విశ్వవిద్యాలయాలైన జేఎన్‌టీయూల నిబంధన. ఈ సంగతి తెలియక ఊళ్ళోనే ఉండిపోయిన వారున్నారు.

ఇక మీరు చేయవలసిన పని ఒకటి ఉంది. మీ అన్ననో అక్కనో కాలేజీలో చేర్చడానికి పెద్దవాళ్ళు వెళ్ళేటప్పుడు మీరూ వెంట వెళ్ళండి. ఆఫీసులో వాళ్ళు మేడలు, ప్రయోగశాలలు చూపిస్తారు, చూడండి. తరువాత మెల్లగా బయటికి వచ్చి, బస్సుల దగ్గర నిలబడిన రెండో ఏడాది పిల్లలను పలకరించి, "పది రోజులు రాకపోతే మీ ఇంటికి ఎవరు ఫోను చేస్తారు?" అని అడగండి. వాళ్ళు ఒక మాస్టారి పేరు చెబితే, ఆ పేరు రాసుకొని వచ్చి మీ నాన్నకు ఇవ్వండి. ఒకరి ముఖాలు ఒకరు చూసుకొని నవ్వితే, ఆ సంగతీ చెప్పండి.

ఇట్లు,
మీ తాతయ్య