జియోక్యాషింగ్: బెంగళూరు కొండల దగ్గర తరచూ వినే అపోహలు

జియోక్యాషింగ్ ఆటలో ఎవరో ఒకచోట చిన్న డబ్బా దాచి, దాని అక్షాంశ రేఖాంశాలను ఆ ఆట వెబ్‌సైటులో పెడతారు. మనం వెతికి పట్టుకుని, లోపలున్న లాగ్‌బుక్‌లో పేరు, తేదీ రాసి, డబ్బాను మళ్ళీ అక్కడే దాచి వస్తాం. బెంగళూరులో ఈ ఆట మొదలుపెట్టే తెలుగువాళ్ళ నుంచి నేను ఎక్కువగా వినే మాటలు ఇవి.

అపోహ: జీపీఎస్ నేరుగా డబ్బా దగ్గరికే తీసుకెళ్తుంది.

వాస్తవం: అమెరికా ప్రభుత్వం జీపీఎస్‌లో కావాలని కలిపే లోపాన్ని 2000 మే మొదట్లో తీసేసింది. అంతవరకు తేడా వంద మీటర్ల దాకా ఉండేది. మే 3న డేవ్ అల్మర్ ఓరెగన్‌లో ఒక బకెట్ దాచడంతో ఈ ఆట పుట్టింది. ఇప్పుడు ఆరుబయట ఫోను సుమారు అయిదు మీటర్ల తేడాతో చూపిస్తుంది. పెద్ద బండ పక్కనో దట్టమైన చెట్ల కిందో ఆ తేడా ఇంకా పెరుగుతుంది. దాచినవారి ఫోనుకూ అదే ఇబ్బంది ఉండి ఉంటుంది కదా! అందుకే దగ్గరికి చేరగానే ఫోను జేబులో పెట్టి కళ్ళకు పని చెప్పండి. అసహజంగా పేర్చిన రాళ్ళు, చెట్టు తొర్ర, బండ చీలిక చూడండి.

చూడమన్నాను గానీ, రాళ్ళు తిరగేయమనలేదు. ఈ విషయంలో నేను రాజీపడను. రామనగర వైపు కొండల్లో ప్రతి రాయి కిందా తేలో, బల్లో, పామో కాపురం ఉండవచ్చు. రాళ్ళన్నీ పెకిలిస్తే తప్ప దొరకని డబ్బాను తప్పుగా దాచినట్టే. చీలికలో చెయ్యి పెట్టేముందు టార్చి వేసి చూడండి, కర్రతో తట్టండి.

అపోహ: మొబైల్ సిగ్నల్ లేకపోతే జీపీఎస్ పనిచేయదు.

వాస్తవం: ఉపగ్రహాల సంకేతాలు అందుకోవడానికి సిమ్ కూడా అక్కర్లేదు. మ్యాపు, డబ్బా వివరాలు ఇంటి దగ్గరే దించుకోండి.

అపోహ: అక్షాంశ రేఖాంశాల అంకెలు ఫోనులో సరిగ్గా ఎక్కిస్తే చాలు.

వాస్తవం: వాటిని ఏ పద్ధతిలో రాశారో కూడా చూడాలి. ఈ ఆటలో డిగ్రీలు, నిమిషాలు, నిమిషంలో దశాంశాలు వాడతారు. 12 డిగ్రీల 57.123 నిమిషాలు అంటే 12.952 డిగ్రీలు, దాదాపు లాల్‌బాగ్ ఉన్న అక్షాంశం. దాన్నే 12.57123 అని ఎక్కిస్తే నలభై కిలోమీటర్లకు పైగా దక్షిణానికి వెళ్ళిపోతారు.

అపోహ: వెబ్‌సైటులో ఉందంటే అక్కడికి వెళ్ళడానికి అనుమతి ఉన్నట్టే.

వాస్తవం: కాదు. డబ్బా వివరాలు ప్రచురించే ముందు వెబ్‌సైటు పరిశీలకులు నిబంధనలు చూస్తారు. ఇంకో డబ్బాకు 161 మీటర్ల లోపు ఉందా అన్నది వాటిలో ఒకటి. స్థలానికి అనుమతి తెచ్చుకునే బాధ్యత మాత్రం దాచినవారిదే. నగరం చుట్టూ స్కందగిరి లాంటి కొండలు ఎక్కాలంటే అటవీశాఖ దగ్గర ముందే టికెట్ తీసుకోవాలి. రామదేవర బెట్ట రాబందుల అభయారణ్యం. అక్కడి గుట్టల్లో ఎలుగుబంట్లు కూడా ఉన్నాయి. తెల్లవారకముందే దొంగదారిన ఎక్కుదామనేవారితో నేను వెళ్ళను.

ఇంకొకటి: అమెరికా నుంచి అన్నయ్య తెచ్చిన ఉపగ్రహ సందేశ పరికరం అడవిలో రక్షణ అనుకుంటారు. లైసెన్సు లేకుండా దాన్ని మన దేశంలో వాడటం చట్టవిరుద్ధం. ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్ని గంటలకు తిరిగొస్తారో ఇంట్లో రాసిపెట్టి వెళ్ళండి.

అపోహ: పిల్లల కోసం డబ్బాలో చాక్లెట్లు పెట్టవచ్చు.

వాస్తవం: తినేవి, వాసన వచ్చేవి ఏవీ పెట్టకూడదు. కోతులు డబ్బాను పగలగొడతాయి, చీమలు పుస్తకాన్ని పాడుచేస్తాయి. గోళీలు, బొమ్మలు చాలు. ఒకటి తీసుకుంటే అంత విలువైనదే ఇంకొకటి పెట్టాలి.

అపోహ: దొరక్కపోతే ఏమీ రాయకుండా ఊరుకోవడమే మర్యాద.

వాస్తవం: వెబ్‌సైటులో ‘దొరకలేదు’ అని తప్పకుండా రాయండి. వరుసగా అలాంటివి రెండు మూడు కనిపిస్తేనే డబ్బా పోయిందేమోనని దాచినవారు వెళ్ళి చూస్తారు. వర్షాకాలం తర్వాత ఇది మరీ అవసరం. మూత వదులైతే నీళ్ళు చేరి, అంతవరకు వచ్చినవారంతా రాసిన పేర్లు చెరిగిపోతాయి.