చుక్క కారదు, పొగ కనబడదు

నా పాత పెట్రోల్ కారు నిలిపే చోట నేల మీద ఒక్క మరక లేదు. అయినా నెలన్నరకోసారి డిప్‌స్టిక్ తీసి చూస్తే ఇంజనాయిల్ కింది గీతకి దిగిపోయి ఉండేది. విజయనగరంలో నేను ఎప్పుడూ వెళ్లే షెడ్డు మెకానిక్ బానెట్ ఎత్తి, రెండుసార్లు గట్టిగా రేజ్ చేసి, తీర్పు చెప్పేశాడు. "మాస్టారూ, ఇంజను ఆయిల్ తాగేస్తంది. బోరింగు సేయించీయాల." బోరింగంటే అరిగిన సిలిండర్లని మళ్లీ తొలిపించడం, దానికి ఇంజను మొత్తం దించాలి. ఆ ఖర్చు పెడితే కారు ధరలో సగం దానికే పోతుంది. ఇన్నేళ్లు పిల్లలకి ఫిజిక్స్ చెప్పి, కొలవకుండా ఒప్పుకోవడానికి నాకు మనసు రాలేదు.

కొలతలోనే మొదటి తిరకాసు ఉంది. నేల ఒక పక్కకి వాలి ఉన్నా, బండి ఆపిన వెంటనే చూసినా డిప్‌స్టిక్ అబద్ధం చెబుతుంది. పైకెక్కిన ఆయిల్ కిందికి దిగడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. అందుకని రోజూ తెల్లారే, స్టార్ట్ చేయకముందే, అదే చోట చూసి, పక్కనే కిలోమీటర్లు కూడా నోట్‌బుక్‌లో రాశాను. చాలా కార్లలో రెండు గీతల మధ్య తేడా దాదాపు లీటరు ఉంటుంది. నా లెక్క 1000 కి.మీ.కి 700 మి.లీ. దగ్గర తేలింది. కొన్ని జర్మన్ కార్ల మాన్యువళ్లు 1000 కి.మీ.కి అర లీటరు దాకా మామూలే అంటాయి. అలా చూస్తే నాది మరీ ఘోరమేమీ కాదు, కానీ మామూలూ కాదు.

రెండో తిరకాసు నాకు చాలా నచ్చింది. ఊళ్లోనే తిరిగినన్నాళ్లూ మట్టం అంతగా తగ్గేది కాదు. శ్రీకాకుళం వెళ్లి అరసవల్లి దర్శనం చేసుకుని వస్తే మర్నాటికి ఒక్కసారిగా పడిపోయేది. దారిలో ఎక్కడో కారిపోయిందని టెన్షన్ పడ్డాను. జరిగేది వేరు. ఇంజను పూర్తిగా వేడెక్కేలోపే ఆపేస్తుంటే, మండని పెట్రోలూ తేమా కొంచెం కొంచెంగా ఆయిల్‌లోకి చేరతాయి. పాలవాడు నీళ్లు కలిపినట్టే, తగ్గిన ఆయిల్ తగ్గనట్టు కనిపిస్తుంది. హైవే మీద గంటసేపు వేడెక్కేసరికి ఆ కల్తీ ఆవిరైపోయి అసలు మట్టం బయటపడుతుంది. నెలరోజుల నష్టం ఒక్క రోజు ఖాతాలో పడుతుంది.

సరే, పోతున్నదైతే నిజం. బయటికా, లోపలికా?

నేల మీద మరక లేనంత మాత్రాన కారడం లేదని కాదు. టాపెట్ కవర్ (ఇంజను పైమూత) ప్యాకింగ్ దగ్గర ఊరిన చుక్క వేడి ఎగ్జాస్ట్ మీద పడితే అక్కడికక్కడే మాడిపోతుంది. ఆయిల్ ప్రెషర్‌తో ఉండే చోట లీకైతే ఇంజను నడుస్తున్నప్పుడే కారుతుంది, గాలికి బండి అడుగంతా పరుచుకుంటుంది. ఇంజను శుభ్రంగా కడిగించి, ఆరాక అనుమానం ఉన్న అతుకుల మీద ముఖానికి రాసుకునే పౌడర్ చల్లాను. మా ఆవిడ నవ్వింది. తెల్లటి పొడి మీద ఆయిల్ చెమ్మ తగిలితే వెంటనే నల్లబడుతుంది. రెండొందల కిలోమీటర్లు తిరిగినా నా పౌడర్ తెల్లగానే ఉంది. అంటే లోపలే మండుతోంది.

మరి పొగేది? ఇక్కడ చిన్న లెక్క వేయాలి. గంటకి 60 కి.మీ. వేగంలో ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరుగుతోందనుకుందాం. అంటే కిలోమీటరుకి 3000 చుట్లు. ఒక్కో సిలిండర్లో రెండు చుట్లకోసారి మంట పుడుతుంది, నాలుగు సిలిండర్లకి కలిపి 6000 మంటలు. 1000 కి.మీ.కి లీటరు తాగే ఇంజనైనా కిలోమీటరుకి తాగేది ఒక మిల్లీలీటరే. అందులో ఇరవై ముప్పై చుక్కలుంటాయి. ఒక్క చుక్కని రెండు మూడొందల మంటలు పంచుకుంటే ఇక కంటికేం కనబడుతుంది? ఆయిల్ ఎక్కడో కాసేపు పోగుపడి, ఒక్కసారిగా మండితేనే పొగ కనిపిస్తుంది. కాబట్టి పొగ వస్తోందా అని కాదు, ఎప్పుడు వస్తోందని అడగాలి.

ఆయిల్ పొగ నీలంగా ఉంటుంది. మండని ఆయిల్ అతి సన్నని తుంపరగా బయటికొస్తే, ఆ తుంపర కాంతిలోని నీలాన్నే ఎక్కువగా చెదరగొడుతుంది. చుట్ట కొసనుంచి లేచే పొగ నీలంగా, నోట్లోంచి వదిలిన పొగ తెల్లగా ఉండడం గమనించే ఉంటారు. నోట్లో, ఊపిరితిత్తుల్లో తేమ పట్టి కణాలు లావెక్కుతాయి, లావు కణాలు అన్ని రంగుల్నీ సమానంగా చెదరగొడతాయి. (అడ్డపొగ తాగే మా నాయనమ్మ దగ్గర ఈ పరీక్ష కుదిరేది కాదు, నిప్పున్న కొస ఆవిడ నోట్లోనే ఉండేది.) ఆ నీలం వెనక చెట్లలాంటి నల్లటి నేపథ్యం ఉంటే బాగా తెలుస్తుంది, ఆకాశం ఉంటే తెలియదు.

అలాంటి చోటు మాకు దగ్గర్లోనే ఉంది. గజపతినగరం, రామభద్రపురం మీదుగా లారీలకు పేరుపడ్డ సాలూరు చేరి, అక్కణ్ణుంచి ఒడిశా వైపు సుంకి ఘాట్ ఎక్కాం. వెనక కారులో మా బావమరిది. ఎక్కేటప్పుడు పొగ లేదు. పిస్టన్ చుట్టూ ఉండే రింగులు అరిగి ఉంటే, ఇంజను బరువు లాగేటప్పుడు పొగ వదలాలి. దిగేటప్పుడు యాక్సిలరేటర్ వదిలేసి రెండో గేరులో వచ్చాను. అలా వదిలేస్తే గాలి వెళ్లే దారి దాదాపు మూసుకుపోయి, ఇన్‌టేక్‌లో పీడనం బయటి గాలిలో మూడో వంతుకి పడిపోతుంది. ఆ పీల్పుకి, సిలిండర్లోకి గాలిని వదిలే వాల్వుల కాడల పక్కనుంచి ఆయిల్ లోపలికి జారుతుంది. దిగువన మలుపులో మళ్లీ యాక్సిలరేటర్ తొక్కగానే ఫోన్ మోగింది. "బావా, నీలం పొగ! ఒక్కసారి గుప్పుమంది."

వాల్వ్ సీల్స్ మీద అనుమానం బలపడింది. అవి చిన్న రబ్బరు టోపీలు. ఏళ్ల తరబడి వేడికి కాగి, గట్టిపడి, కాడని పట్టుకోవడం మానేస్తాయి. అయితే దిగేటప్పటి పీల్పుకి రింగుల పక్కనుంచీ ఆయిల్ రావచ్చు. అందుకే ప్లగ్గులు విప్పించి కంప్రెషన్, అంటే సిలిండర్లో గాలి ఎంత గట్టిగా నొక్కుకుంటోందో చూపించాను. తక్కువొస్తే ఆ రంధ్రంలో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూస్తారు. అప్పుడు పెరిగితే రింగులు, పెరగకపోతే తప్పు వాల్వులదైనా కావచ్చు, హెడ్ (సిలిండర్ల పైభాగం) కింది ప్యాకింగైన గ్యాస్కెట్‌దైనా కావచ్చు. నాకు నాలుగింటిలోనూ బాగానే వచ్చింది. దీంట్లోనూ ఒక మెలిక ఉంది. కంప్రెషన్ ఆపేవి పై రెండు రింగులు, గోడ మీది ఆయిల్ గీకేది మూడోది. దాని సందులు మసితో పూడుకుపోయినా కంప్రెషన్ బాగానే చూపిస్తుంది. సిలిండర్లోకి సన్నని కెమెరా దింపి పిస్టన్ అంచు తడిగా ఉందేమో చూశాం. పొడిగానే ఉంది. ఇంజను లోపలి గాలిని ఇన్‌టేక్‌కి పంపే పీసీవీ వాల్వు కూడా చూశాం. అది ఇరుక్కుంటే ఆయిల్ ఆవిరంతా ఇంజనే పీల్చేస్తుంది. చవకైన ముక్క, బోరింగు మాట ఎత్తేముందు ఎవరైనా చూడాల్సింది. ఊపితే గలగలమంది, బాగానే ఉంది.

సీల్స్ మార్చడానికి హెడ్ కూడా దించలేదు. ప్లగ్గు రంధ్రంలోంచి కంప్రెసర్ గాలి పెట్టి, వాల్వులు కింద పడకుండా నిలబెట్టి, ఒక పూటలో పని ముగించాడు మా మెకానిక్. "అయితే బోరింగు అక్కర్లేదంటారేటి మాస్టారూ" అన్నాడు, కొంచెం నిరాశగానే. ఇప్పుడు 1000 కి.మీ.కి 150 మి.లీ. పోతోంది. అందులో కొంత ఆవిరి లెక్క. ఆయిల్‌ని 250 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచే నోయాక్ పరీక్షలో 15 శాతం దాకా ఎగిరిపోయినా ప్రమాణం ఒప్పుకుంటుంది. డిక్కీలో అర లీటరు డబ్బా ఒకటి పెట్టుకుని తిరుగుతున్నాను.