మునక్కాడలూ లైన్‌బ్యాకర్లూ

చిరంజీవులిద్దరికీ తాతయ్య ఆశీస్సులు.

పోయిన ఆదివారం ఫోన్‌లో చిన్నవాడు అడిగిన ప్రశ్నకు నేను అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. మీరిద్దరూ ఆడే ఫాంటసీ ఫుట్‌బాల్‌లో అమెరికన్ ఫుట్‌బాల్‌లోని నిజమైన ఆటగాళ్లను ఎంచుకుని సొంత జట్టు కట్టుకుంటారు, మైదానంలో వాళ్లు ఆడినదాన్ని బట్టి మీకు పాయింట్లు వస్తాయి. లైన్‌బ్యాకర్ ఎదుటివాళ్లను అడ్డుకునే డిఫెన్స్ ఆటగాడు, రన్నింగ్ బ్యాక్ బంతి పట్టుకుని పరుగెత్తేవాడు. "తాతయ్యా, నా లైన్‌బ్యాకర్‌కు వారానికి 14 పాయింట్లు వస్తున్నాయి, అన్నయ్య రన్నింగ్ బ్యాక్‌కూ అంతే వస్తున్నాయి. మరి ట్రేడ్ చేద్దామంటే అన్నయ్య ఎందుకు నవ్వాడు?" అన్నావు. పెద్దవాడు నవ్వకుండా కారణం చెప్పి కాదనవలసింది. అతను చెప్పలేదు కనుక, కిందటేడు డాలస్‌లో మీ ఇంటి సోఫాలో కూర్చుని ఆ ఆటను సెప్టెంబరు నుంచి జనవరి దాకా చూసిన నేను చెబుతాను.

కోనసీమలో మా పెరట్లో నూతి పక్కన ఒక మునగచెట్టు ఉండేది. నాకు ఎనిమిదేళ్లప్పుడు ఒకనాడు ఎవరికీ చెప్పకుండా చేతికందినన్ని కాడలు కోసి, అరటినారతో కట్ట కట్టి, బెల్లానికి మార్చుకుందామని వీధి చివరి కొట్టుకు మోసుకుపోయాను. కొట్టు తాత ఒక కాడను విరిచి గుజ్జు చూసి, "కాయ బాగానే ఉందిరా" అన్నాడు. బెల్లం ముక్క కన్నా నా కట్టే బరువని నేను వాదించాను. "బరువు సరే, మా పెరట్లోనూ చెట్టుందిగా" అంటూ కట్టను మళ్లీ నా చంకలో పెట్టాడు.

నాన్నా, నీ 14 పాయింట్లు ఆ కట్ట బరువు వంటివి. అమెరికాలో ఆ ఆటకున్న పెద్ద లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 32 జట్లున్నాయి. ఒక్కో జట్టు సాధారణంగా ఇద్దరు లైన్‌బ్యాకర్లను దాదాపు ఆటంతా నిలబెడుతుంది, అంటే అరవై మందికి పైగానే. మీ లీగ్‌లోని 12 మందీ తలా ఇద్దరిని ఆడించినా 24 మందే కావాలి, మిగిలినవాళ్లు ఊరికే దొరుకుతారు. బంతి పట్టుకుని పరుగెత్తే పని ప్రధానంగా ఒక్కరికే అప్పగించే జట్లు మాత్రం తక్కువ. నీవాణ్ణి వదిలేస్తే 11 పాయింట్లు తెచ్చేవాడు ఊరికే దొరికాడనుకో, నీ నష్టం 3. అన్నయ్యకు ఊరికే దొరికే రన్నింగ్ బ్యాక్ 5 తెస్తే, అతని నష్టం 9.

2024లో ఫిలడెల్ఫియా ఈగిల్స్ తరఫున 2,005 గజాలు పరుగెత్తిన సేక్వాన్ బార్క్‌లీని మీలాంటి లీగుల్లో, సీజన్‌కు ముందు వంతులవారీగా ఆటగాళ్లను ఎంచుకునేటప్పుడు, మొదటి రెండు రౌండ్లలోనే ఎత్తుకుపోయారు. అంతకు ముందు న్యూ ఓర్లీన్స్‌లో ఎక్కువగా స్పెషల్ టీమ్స్‌లో, అంటే కిక్‌ల సమయంలో దిగే బృందాల్లో, ఆడిన లైన్‌బ్యాకర్ జాక్ బాన్ అదే జట్టుకు ఒక్క ఏడాది ఒప్పందంతో వచ్చి, 151 టాకిళ్లతో (టాకిల్ అంటే బంతి ఉన్నవాణ్ణి పట్టి పడేయడం) ఆ ఏటి మేటి ఆటగాళ్ల జాబితా అయిన ఆల్-ప్రోలో చేరాడు. అతణ్ణి ముందే ఎంచుకున్నవాళ్లు అరుదు. మునగచెట్టు అంతే, ఎవరూ నీళ్లు పోయకపోయినా గోడ వారన కాస్తుంది.

అయితే మునగ కొమ్మ పెళుసు. గాలివాన వచ్చిన ఏడు ఊళ్లో మిగతా చెట్లన్నీ విరిగిపోతే, అదే కొట్టు తాత మా ఇంటికి కబురు పంపాడు. మీ లీగ్‌లో తలా పదకొండు మంది డిఫెన్స్ ఆటగాళ్లను ఆడించాలన్న నియమం ఉంటే అదే గాలివాన అనుకో, అప్పుడు నీ కట్టకు బెల్లం వస్తుంది. టాకిల్‌కు ఒకటికి బదులు రెండు పాయింట్లు ఇచ్చినంత మాత్రాన అంత మార్పు రాదు, ఎందుకంటే అన్ని పెరళ్లలోని కాడలూ ఒకేసారి బరువెక్కుతాయి.

బంతి అందుకోబోయేవాళ్లను కాచే కార్నర్‌బ్యాక్‌ల దగ్గర మాత్రం నా మునగచెట్టు పనిచేయడం లేదు. మరీ గట్టివాడైతే క్వార్టర్‌బ్యాక్ అతని వైపు బంతి విసరడానికే జంకుతాడు. బంతి రాకపోతే టాకిల్ లేదు, టాకిల్ లేకపోతే పాయింటూ లేదు. ఆట బాగా వచ్చినవాడికే అంకెలు తక్కువ రావడం నాకు ఇప్పటికీ వింతగానే ఉంది.

సోమవారం రాత్రి ఆట ముగిశాక, ఎవరూ తీసుకోని ఆటగాళ్ల జాబితా ఇద్దరూ కలిసి తెరవండి. అందులో అందరికన్నా పైనున్న లైన్‌బ్యాకర్ పాయింట్లనూ రన్నింగ్ బ్యాక్ పాయింట్లనూ ఒక కాగితం మీద పక్కపక్కన రాయండి. ఆ కాగితాన్ని ఫొటో తీసి నానమ్మ ఫోన్‌కు పంపండి, నా ఫోన్‌లో అంకెలు సరిగా కనిపించడం లేదు.

మీ తాతయ్య