బెనిన్ పలకలు ఎవరి సొమ్ము?

చిరంజీవులైన పిల్లలకు,

తాతయ్య ఆశీస్సులు. మ్యూజియంలో ప్రతి బొమ్మ పక్కనా చిన్న అట్టముక్క ఉంటుంది. ఏ లోహం, ఏ ఊరు, ఏ శతాబ్దం అన్నీ రాస్తారు. అక్కడికెలా చేరిందన్నది మాత్రం చాలాచోట్ల ఒక్క ముక్కలో తేల్చేస్తారు. నా ఆసక్తంతా ఆ ఒక్క ముక్క మీదే. బెనిన్ పలకల సంగతి చెబుతాను.

బెనిన్ నగరం ఇప్పటి నైజీరియాలో ఉంది. (బెనిన్ అనే దేశం వేరు. పెద్దవాళ్లూ తికమకపడతారు.) అక్కడి రాజును ఓబా అంటారు. 16, 17 శతాబ్దాల్లో ఆయన కోట స్తంభాలకు ఇత్తడి పలకలు తాపడం చేసేవారు. ముందు మైనంతో బొమ్మ చేసి, మట్టి మెత్తి, వేడికి మైనం కారిపోయాక ఆ ఖాళీలో ఇత్తడి పోస్తారు. మన ఆదిలాబాద్ డోక్రా పనివాళ్ల పద్ధతీ ఇదే. ఓబాలు, సేనానులు, గడ్డాల పోర్చుగీసు వర్తకులు కూడా ఆ పలకలకెక్కారు. ఇత్తడిని కడియాలుగా పోసి తెచ్చి అమ్మింది ఆ వర్తకులే మరి! ఇగున్ వీధిలో పోతపని ఇప్పటికీ సాగుతోంది.

1897 జనవరిలో బెనిన్ దారిలో ఒక బ్రిటిష్ బృందం హతమైంది. దాని నాయకుడు ఫిలిప్స్, ఓబాను దించేయడానికి అనుమతి కోరుతూ అంతకుముందే లండన్‌కు ఉత్తరం రాశాడు. ఓబా ఇంట్లో దొరికే ఏనుగు దంతంతో ఖర్చులు వెళ్లిపోతాయని కూడా అందులో లెక్కచెప్పాడు. ఫిబ్రవరిలో సేన వచ్చి నగరం పట్టుకుంది. కోట తగలబడింది. ఓబా ఓవొన్‌రామ్‌వెన్‌ను కలబార్‌కు పంపేశారు. 1914లో అక్కడే పోయాడు. కోటలో దాచి ఉన్న పలకల్లో కొన్నిటిని దండయాత్ర ఖర్చుల కింద అమ్మారు, కొన్ని అధికారులు పంచుకున్నారు. లండన్ బజారులో జర్మన్ మ్యూజియంలు పోటీపడి కొన్నాయి. సేకరణ అంటే ఇదీ!

బ్రిటిష్ మ్యూజియంలో బెనిన్ వస్తువులు 900కి పైగా ఉన్నాయి. కొన్ని పలకలను నేలమాళిగలో కడ్డీలకు వరసగా బిగించారు. చూడటానికి గొప్పగానే ఉంటాయి. కానీ ఏ పలక పక్కన ఏది ఉండేదో, కథ ఎటునుంచి ఎటు చదవాలో ఇప్పుడెవరు చెబుతారు? మన అమరావతి శిల్పాలు 120కి పైగా ఆ భవనంలోనే ఉన్నాయి. అయితే అవి కంపెనీ కాలపు తవ్వకాల్లో పోయినవి, వాటి లెక్క వేరుగా చూడాలి.

తిరిగివ్వమంటే ఆ మ్యూజియం 1963 నాటి చట్టం చూపిస్తుంది. దాని ప్రకారం ఏదో కొద్ది సందర్భాల్లో తప్ప వస్తువులు వదులుకోకూడదు. అందుకే 2024లో ఘనాకు, అక్కడి అశాంతి రాజ్యపు బంగారు వస్తువులనే అరువుగా పంపింది. ఎవరి సొమ్ము ఎవరికి అరువు! జర్మనీ 2022లో వెయ్యికి పైగా బెనిన్ వస్తువుల హక్కు నైజీరియాకు రాసిచ్చింది. వాటిలో చాలా భాగం బెర్లిన్‌లాంటి చోట్లే ఉన్నా, ఇప్పుడవి నైజీరియావి. నాకు రవాణాకన్నా ఈ కాగితమే ముఖ్యంగా తోస్తుంది.

2023లో నైజీరియా ప్రభుత్వం ఈ వస్తువులకు యజమాని ఓబాయేనని ప్రకటించగానే కొన్నిచోట్ల గుబులు మొదలైంది. రాజుకిస్తే జనం చూడగలరా అని అడిగారు. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం అప్పగింత వాయిదా వేసింది. ప్రశ్న సబబే, అడిగే హక్కే వాళ్లకు లేదంటాను. తీసుకెళ్లింది ఓబా ఇంట్లోంచే కదా. 2025లో నెదర్లాండ్స్ 119 వస్తువులు వెనక్కిచ్చేసింది.

ఇట్లు,
మీ తాతయ్య