మాటల మధ్య లేని ఖాళీలు

పసిపిల్లలు మాట నేర్చే తీరు గురించి తరచూ వచ్చే ప్రశ్న ఒకటుంది: మాటకీ మాటకీ మధ్య ఉండే ఖాళీని బట్టే కదా వాళ్ళు ఒక్కో పదాన్నీ విడిగా పట్టుకునేది? చిక్కు ప్రశ్నలోనే ఉంది. ఆ ఖాళీ కాగితం మీదే ఉంటుంది, నోట్లో ఉండదు.

"అప్పుడొచ్చాడు" అని పలికి, రికార్డు చేసి, ఆ ధ్వని తరంగాన్ని కంప్యూటరు తెర మీద చూడండి. నిశ్శబ్దం రెండు చోట్ల కనిపిస్తుంది. "ప్ప" కోసం పెదాలు మూసుకున్నప్పుడు ఒకసారి, "చ్చ" కోసం నాలుక అంగిలికి అతుక్కున్నప్పుడు ఇంకోసారి. రెండూ పదాల నడిమధ్యలోనే. అప్పుడు, వచ్చాడు అనే రెండు మాటలూ కలిసే చోట మాత్రం "డొ" అంటూ గొంతు మోగుతూనే ఉంటుంది. నిశ్శబ్దాన్ని నమ్ముకుని కోస్తే చేతికొచ్చేవి "అ", "పుడొ", "చాడు". తెలియని భాష ఎవరు మాట్లాడినా గడగడా ఒకే వాగులా వినిపించేది ఇందుకే.

మరి ఎనిమిది నెలల పాప ఆ వాగును ఎక్కడ కోస్తుంది? ఏ అక్షరం తర్వాత ఏ అక్షరం ఎంత తరచుగా వస్తోందో చూసుకుంటుంది. అక్షరమంటే ఇక్కడ రాసే గుర్తు కాదు, ఒక్క ఊపులో పలికే ముక్క.

ఉజ్జాయింపుగా ఓ లెక్క వేద్దాం. పాప చెవిన "పా" పదిసార్లు పడింది. అందులో ఎనిమిదిసార్లు వెంట "లు" వచ్చింది, రెండుసార్లు "ప" వచ్చింది. అంటే పా తర్వాత లు వచ్చే సంభావ్యత 0.8. ఇక ఆ ఎనిమిది "లు"ల తర్వాత? పాలు తాగు, పాలు కావాలా, పాలు చల్లారాయి, పాలు పోశా... ఒక్కోటి రెండేసిసార్లు అనుకుంటే తా, కా, చ, పో ఒక్కోదానికి దక్కేది 0.25. "లు" తెలుగులో ఇంకా బోలెడు మాటల చివర వస్తుంది కాబట్టి అసలు విలువ అంతకన్నా తక్కువే. సంభావ్యత ఎక్కువున్న చోట పదం లోపలున్నాం, ఢామ్మని పడిపోయిన చోట పదం అయిపోయింది. అంతే సూత్రం.

దీన్ని 1996లో అమెరికాలోని రాచెస్టర్ విశ్వవిద్యాలయంలో జెన్నీ సాఫ్రన్, రిచర్డ్ ఆస్లిన్, ఎలిసా న్యూపోర్ట్ పరీక్షించి చూపించారు. పబికు, టిబుడో, గోలాటు, డరోపి అని నాలుగు అర్థంలేని పదాలు తీసుకున్నారు. కంప్యూటరు గొంతుతో, ఊనిక లేకుండా, విరామం లేకుండా, నిమిషానికి 270 అక్షరాల వేగంతో రెండు నిమిషాలు వినిపించారు. ఒక్కో పదం 45 సార్లు వస్తుంది, ఒకే పదం వెంటవెంటనే రెండుసార్లు రాదు. అందువల్ల పదం లోపల సంభావ్యత 1, పదం దాటగానే 0.33.

పిల్లలకు తేడా తెలిసిందని ఎలా తెలుసుకోవాలి? పక్కన దీపం మిణుకుమంటుంది. బిడ్డ అటు తల తిప్పితే ఒక పదం వినిపిస్తుంది, చూపు మళ్ళించేదాకా వినిపిస్తూనే ఉంటుంది. ఎంతసేపు విన్నారన్నదే కొలత. ఒళ్ళో కూర్చోబెట్టుకున్న పెద్దవాళ్ళ చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి సంగీతం వినిపిస్తారు, లేకపోతే వాళ్ళే తెలియకుండా సైగ ఇచ్చేస్తారు. అసలు పదాలను పిల్లలు సగటున 6.77 సెకన్లు విన్నారు. ఒక పదం తోక, ఇంకో పదం తల అతికించిన ముక్కలను 7.60 సెకన్లు విన్నారు. వింతగా తోచినదాన్ని ఎక్కువసేపు వినడం పిల్లల నైజం.

ఇందులో ఓ లొసుగుంది. అసలు పదం 45 సార్లు వినబడితే, అతుకు ముక్క సుమారు 15 సార్లే వినబడింది. పిల్లలు సంభావ్యతను కాక, ఉత్త లెక్కనే పట్టుకుని ఉండొచ్చుగా? ఆ ముగ్గురే 1998లో దీన్ని సరిచేశారు. రెండు పదాలను 90 సార్లు, రెండింటిని 45 సార్లు వినిపించారు. ఎక్కువసార్లు వచ్చే రెండు పదాల మధ్య అతుకు కూడా ఇప్పుడు సరిగ్గా 45 సార్లే వస్తుంది, కానీ అతుకు దగ్గర సంభావ్యత 0.5 మాత్రమే. పిల్లలు అయినా తేడా పట్టేశారు. నా లెక్కన అసలైన రుజువు ఇదే. మొదటిదానికి వచ్చిన పేరు దీనికి రాలేదు.

మరీ మురిసిపోనక్కర్లేదు. ఇదే విద్య సంగీత స్వరాల మీదా పనిచేసింది, 2001లో టామరిన్ కోతుల దగ్గరా కనబడింది. ఆ కోతులకు మాటలేం రాలేదు. పైగా పదాల పొడవులు రకరకాలుగా ఉంటే పిల్లలు తడబడతారని తర్వాతి ప్రయోగాల్లో తేలింది. ఏకాక్షర పదాలకైతే "లోపల" అంటూ ఏమీ ఉండదు, రెండు వైపులా అంచులే.

తెలుగులో సంధి ఇంకో మెలిక పెడుతుంది. "పాలు ఇవ్వు" కాస్తా "పాలివ్వు" అయితే "లు" మాయమై "లి" వస్తుంది, లెక్క చెదిరిపోతుంది. పా తర్వాత ల్ మాత్రం చెక్కుచెదరదు కాబట్టి అక్షరాలనే కాక హల్లులనూ గమనించుకునే చెవికి దారి దొరుకుతుంది. ప్రత్యయాల దగ్గర మాత్రం లెక్క కలిసొస్తుంది. అమ్మకి, అమ్మతో, అమ్మని, అమ్మది అని వింటూ ఉంటే "మ్మ" తర్వాత సంభావ్యత పడిపోతుంది. అమ్మ ఓ ముక్కగా, కి, తో, ని, ది విడి ముక్కలుగా రాలతాయి. ఐదారేళ్ళ తర్వాత బళ్ళో విభక్తుల పట్టిక బట్టీ పట్టించే పని ఈ ముక్కల మీదే.

ఇక, ముద్దుముద్దుగా సాగదీసి మాట్లాడితే పిల్లల మాట పాడవుతుందన్న భయం. సాఫ్రన్ సహచరులతో చేసిన 2005 నాటి ప్రయోగంలో ఒకే అక్షరాల ప్రవాహాన్ని రెండు రాగాల్లో వినిపించారు. పసివాళ్ళతో మాట్లాడే రాగంలో వింటే పిల్లలు పదాలను విడదీయగలిగారు, పెద్దల రాగంలో వింటే విడదీయలేకపోయారు. మేలు చేసింది రాగం. పదాన్ని వంకర చేసి పలకడం వేరే సంగతి.

కోసిన ముక్కలు ఉత్త శబ్దాలుగా మిగిలిపోవు. 2007లో పదిహేడు నెలల పిల్లలకు ముందు ఇలాంటి ప్రవాహమే వినిపించి, తర్వాత బొమ్మలు చూపించి వాటికి పేర్లు పెట్టారు. ప్రవాహంలో పదాలుగా తేలినవి పేర్లయితే పిల్లలు నేర్చుకున్నారు. అతుకు ముక్కలు పేర్లయితే, వాటిని కూడా విన్నవాళ్ళే అయినా, నేర్చుకోలేదు.