ఫ్లాట్‌ప్యాక్, స్నాప్, డెబ్: అపోహలు – వాస్తవాలు

సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొని, లినక్స్ వేయించుకోడానికి నా దగ్గరికి వచ్చే స్టూడెంట్లు ముందుగా అడిగేది ఇదే: "అన్నా, డెబ్ మంచిదా, ఫ్లాట్‌ప్యాక్ మంచిదా?" ఈ రెండూ, స్నాప్ కూడా, లినక్స్‌లో యాప్‌లు వేసుకునే ప్యాకేజీ రకాలు. డెబ్ అనేది డెబియన్, ఉబుంటు లాంటి లినక్స్‌లది; ఫ్లాట్‌ప్యాక్, స్నాప్ మాత్రం యాప్‌ను సాధారణంగా సాండ్‌బాక్స్‌లో, అంటే మిగతా సిస్టమ్ నుంచి వేరుచేసే గోడ లోపల, నడుపుతాయి. రకం కంటే ముందు యాప్‌ను ఎవరు తయారుచేశారు, అది ఏ పర్మిషన్లు అడుగుతోంది అని చూడమంటాను.

అపోహ: ఫ్లాట్‌ప్యాక్ యాప్ మన ఫైళ్ల జోలికి రాదు.

వాస్తవం: రానిస్తే వస్తుంది. హోమ్ ఫోల్డర్ మొత్తం చదివి రాసే అనుమతితో వచ్చే యాప్‌లు ఫ్లాట్‌ప్యాక్ యాప్‌ల స్టోర్ ఫ్లాట్‌హబ్‌లో చాలానే ఉన్నాయి. అలాంటి యాప్ చెడ్డదైతే మీ బ్యాష్ (టెర్మినల్‌లో కమాండ్లు నడిపే ప్రోగ్రామ్) సెట్టింగుల ఫైల్లో ఒక లైను చేరుస్తుంది. మీరు మళ్లీ టెర్మినల్ తెరవగానే ఆ లైను సాండ్‌బాక్స్ బయట నడుస్తుంది. అప్పుడు గోడ ఉండీ లాభం లేదు. పోర్టల్ (ఏ ఫైల్ ఇవ్వాలో సిస్టమే మిమ్మల్ని అడిగే పద్ధతి) మాత్రమే వాడే యాప్‌కైతే మీరు ఎంచుకున్న ఫైల్ ఒక్కటే అందుతుంది. అందుకే యాప్ వేయగానే పర్మిషన్లు మార్చే టూల్ ఫ్లాట్‌సీల్ తెరిచి పర్మిషన్లు చూడండి, అక్కర్లేనివి తీసేయండి. ఎక్స్11 (తెరపై విండోలు చూపే పాత పద్ధతి) సెషన్‌లో ఇంకో చిక్కుంది: వేరే విండోలో మీరు కొట్టే పాస్‌వర్డ్‌ను కూడా యాప్ పట్టుకోగలదు. వీలైతే దాని స్థానంలో వచ్చిన వేలాండ్‌కి మారండి.

అపోహ: డెబ్ పాతకాలపుది, ప్రమాదం.

వాస్తవం: డెబియన్ రెపోలోని (అధికారిక ప్యాకేజీల భండారంలోని) డెబ్ వేరు, ఏదో సైట్లో దొరికిన డెబ్ వేరు. మొదటిదాని వెనుక మెయింటైనర్లు, సెక్యూరిటీ టీమ్ ఉంటారు. ఒక లైబ్రరీలో (పలు ప్రోగ్రాములు పంచుకునే కోడ్‌లో) లోపం సరిచేస్తే దాన్ని వాడే ప్రోగ్రాములన్నీ బాగుపడతాయి. రెండోదాని ఇన్‌స్టాల్ స్క్రిప్టులు కూడా రూట్‌గా, అంటే సిస్టమ్‌పై పూర్తి అధికారంతో, నడుస్తాయి. నాకు అసలు భయం అక్కడే. అలాగని స్టోర్‌ను గుడ్డిగా నమ్మకండి: 2018లో స్నాప్ స్టోర్‌లోని '2048' అనే ఓ పజిల్ గేమ్‌లో క్రిప్టో మైనర్ (మీ కంప్యూటర్‌తో దొంగచాటుగా క్రిప్టో కరెన్సీ సంపాదించే ప్రోగ్రామ్) బయటపడింది. ప్రింటర్, డ్రైవర్, టెర్మినల్ టూల్స్ నేను రెపో నుంచే వేస్తాను. సోర్స్ కోడ్ చూపించని మీటింగ్ యాప్‌లకు ఫ్లాట్‌ప్యాకే.

అపోహ: ఆప్ట్ (టెర్మినల్‌లో ప్యాకేజీలు వేసే కమాండ్)తో వేస్తే వచ్చేది డెబ్బే.

వాస్తవం: ఉబుంటు 22.04లో ఆప్ట్‌తో ఫైర్‌ఫాక్స్ అడిగినా స్నాపే వస్తుంది.

అపోహ: యాప్‌ఇమేజ్ (ఇన్‌స్టాల్ చేయకుండా నేరుగా నడిపే ఒకే ఫైల్ యాప్) కూడా సాండ్‌బాక్సే.

వాస్తవం: కాదు. దానంతట అది ఏ అడ్డూ పెట్టదు.

అపోహ: ఒక్కో ఫ్లాట్‌ప్యాక్ యాప్ జీబీలు తినేస్తుంది.

వాస్తవం: మొదటి యాప్‌తో రన్‌టైమ్ (యాప్‌లు నడవడానికి కావలసిన ఉమ్మడి లైబ్రరీల మూట) కూడా దిగుతుంది కాబట్టి అలా అనిపిస్తుంది. అదే రన్‌టైమ్ వాడే తర్వాతి యాప్‌లు దాన్నే పంచుకుంటాయి, ఒకేలాంటి ఫైళ్లు డిస్క్ మీద ఒక్కసారే ఉంటాయి. కానీ మూడు నాలుగు వేర్వేరు రన్‌టైమ్‌లు చేరితే 128 జీబీ ఎస్‌ఎస్‌డీలో చోటు కాస్త తగ్గుతుంది. వాడని రన్‌టైమ్‌లను అప్పుడప్పుడూ తీసేస్తుండండి.