ఆయా జీతం 20 వేలు, ఖర్చు 31 వేలు: అపోహలు, వాస్తవాలు

కూకట్‌పల్లిలో చిన్న ఆఫీసు నాది. ఒక బల్ల, మూడు కుర్చీలు, గోడకి తిరుపతి క్యాలెండర్. ఇళ్లకి ఆయాలను కుదిర్చే పని పదకొండేళ్లుగా చేస్తున్నాను. పొద్దున వచ్చే ఫోన్లలో చాలావరకు ఒకే ప్రశ్నతో మొదలవుతాయి: "24 గంటల ఆయాకి ఎంతండీ?" నేనొక అంకె చెప్తాను. అవతలివాళ్లు "అమ్మో, అంతా?" అంటారు, లేదంటే "పర్లేదు, పెట్టుకోవచ్చు" అంటారు. రెండూ తొందరపాటే. నేను చెప్పింది జీతం, వాళ్లు విన్నది ఖర్చు.

అపోహ: జీతం ఎంతో ఖర్చూ అంతే

మియాపూర్‌లో ఒక ఇల్లు అనుకోండి. భార్యాభర్తలిద్దరూ సాఫ్ట్‌వేర్, ఎనిమిది నెలల పాప, ఇంట్లో ఉండే ఆయాకి నెలకి 20,000. ఏరియాని బట్టి, అనుభవాన్ని బట్టి ఇది పెరుగుతుంది, తగ్గుతుంది. కవలలైతే వేరే చెప్పక్కర్లేదు. లెక్క కోసం 20 వేలే పెట్టుకుందాం.

ఏడాది జీతం 2,40,000. కుదిర్చినందుకు ఏజెన్సీకి ఒక నెల జీతం, దానిమీద 18 శాతం జీఎస్టీ, కలిపి 23,600. దసరాకో సంక్రాంతికో ఒక నెల బోనస్ 20,000. మూడు పూటలా భోజనం, రెండుసార్లు టీ, నెలకి 4,000 చొప్పున 48,000. చాలామంది "మనం తినేదే కదా" అని ఇది లెక్కలోకే తీసుకోరు. గ్యాస్ బండ ముందుకంటే పది రోజులు ముందే అయిపోతున్నప్పుడు గుర్తొస్తుంది. సబ్బు, తలనూనె, ఫోన్ రీచార్జి, అప్పుడప్పుడూ మాత్రలు, ఏడాదికి రెండు చీరలు: నెలకి వెయ్యి చొప్పున 12,000. ఊరికి మూడుసార్లు వెళ్లొచ్చే చార్జీలు 4,500. నెలకి రెండు రోజుల సెలవు, అంటే ఏడాదికి 24 రోజులు. ఆ రోజుల్లో బదులు మనిషిని పెట్టుకుంటే రోజుకి వెయ్యి చొప్పున 24,000.

కూడితే 3,72,100. నెలకి 31,000 పైమాటే. ఈ అంకె ముందే చెప్తే సగంమంది ఫోన్ పెట్టేస్తారని నాకు తెలుసు. అయినా ముందే చెప్తాను. మూడో నెలలో "ఇంతవుతుందని అనుకోలేదండీ" అని ఆయాని మానిపించేవాళ్ల కంటే, మొదటిరోజే పగటిపూట మాత్రమే వచ్చే డే ఆయానో, పగలు పిల్లలని ఉంచే క్రెష్‌నో చూసుకునేవాళ్లే నయం. పాపకి ఆమె ఒడి అలవాటయ్యాక మానిపిస్తే ఏడ్చేది పాపే.

అపోహ: రెండు మూడు వేలు బేరమాడితే మిగులుతుంది

నెలకి 2,000 తగ్గించారనుకుందాం. ఏడాదికి 24,000 మిగిలినట్టు కనిపిస్తుంది. ఆయా నాలుగో నెలలో పక్క అపార్ట్‌మెంట్‌కి వెళ్లిపోతుంది, అక్కడ 2,000 ఎక్కువ కాబట్టి. ఏజెన్సీవాళ్లు ఇంకో మనిషిని పంపుతారు. మా అగ్రిమెంట్లు సాధారణంగా 11 నెలలకి రాసుకుంటాం, ఈలోపు రెండుసార్లు మనిషిని మార్చి ఇవ్వడం మా బాధ్యత. దీన్ని అందరూ ఫ్రీ రీప్లేస్‌మెంట్ అంటారు. ఫ్రీ ఏమీ కాదు. కొత్త మనిషి దొరికేదాకా, దొరికాక పాప ఆమెకి అలవాటు పడేదాకా, తల్లో తండ్రో కనీసం అయిదు రోజులు సెలవు పెట్టాలి. నెలకి 90,000 జీతగాళ్లయితే రోజుకి 3,000. ఒక్క మార్పుకి 15,000. రెండు మార్పులకి 30,000. బేరంలో మిగిలిన 24 వేలు పోయి, పైన ఇంకో ఆరు వేలు చేతినుంచి పడతాయి.

అపోహ: అడ్వాన్స్ ఇస్తే మనిషి నిలబడుతుంది

ఈ మాట కొత్తలో నేనే చెప్పేదాన్ని. ఆ సిగ్గు ఇప్పటికీ ఉంది.

ఒకావిడకి కూతురి పెళ్లి అప్పు ఉంటే, కుదిరిన ఇంటివాళ్ల దగ్గర 40,000 ఇప్పించాను. రెండు నెలలకి వాళ్లమ్మకి పక్షవాతం వచ్చిందని ఊరినుంచి కబురొచ్చింది. ఇంటివాళ్లు "బాకీ తీరాక వెళ్లు" అన్నారు. ఆధార్ కార్డు వాళ్ల బీరువాలో ఉంది, ఫోన్ రాత్రిపూట తీసేసుకుంటున్నారు. పాలప్యాకెట్లకి కిందకి వచ్చినప్పుడు వాచ్‌మెన్ ఫోన్ అడిగి నాకు చేసింది. "అమ్మా, నేనిక్కడ పనికొచ్చానా, తాకట్టుకొచ్చానా?" అంది. నేను వెళ్లి, ఆ బాకీ నెలనెలా నేను కడతానని రాసిచ్చి తీసుకొచ్చాను. కట్టాను కూడా.

బాకీ పేరుచెప్పి మనిషిని పనిలో ఆపడం వెట్టిచాకిరి కిందకి వస్తుంది. 1976 నుంచి దానికి చట్టం ఉంది. ఇంటివాళ్లకి తెలియదు, నాకూ అప్పుడు తెలియదు. ఇప్పుడు నా అగ్రిమెంట్‌లో అడ్వాన్స్ ఒక నెల జీతానికి మించదు. ఆధార్ జిరాక్స్ మాత్రమే ఇస్తాం, ఒరిజినల్ ఆమె దగ్గరే ఉంటుంది. ఫోన్ జోలికి ఎవరూ వెళ్లకూడదు.

అపోహ: ఇంట్లోనే ఉంటుంది కదా, సెలవెందుకు?

"24 గంటల ఆయా" అన్న మాటే సగం గొడవకి కారణం. ఆ మాట వాడేవాళ్లలో నేనూ ఉన్నాను, మార్కెట్‌లో అదే పేరు కాబట్టి. దాని అర్థం ఇంట్లో ఉంటుందని. 24 గంటలూ పని చేస్తుందని కాదు. రాత్రి రెండింటికి పాప లేస్తే ఎవరు లేవాలి అన్నది ముందే మాట్లాడుకోవాలి. ఆయా లేచేట్టయితే మధ్యాహ్నం రెండు గంటలు ఆమె పడుకోవాలి. ఆ రెండు గంటలు పాపని చూసేదెవరు? ఇక్కడికొచ్చేసరికి ఫోన్‌లో నిశ్శబ్దం.

మా దగ్గరికి కోనసీమ నుంచి వచ్చే ఆడవాళ్లలో కొందరు కువైట్‌లో ఇంటిపని చేసి వచ్చినవాళ్లు. వాళ్లు వారానికి ఒక రోజు సెలవు అడుగుతారు. "వీళ్లకి గల్ఫ్ అలవాట్లు" అని ఇంటివాళ్లు విసుక్కుంటారు. అలవాటు కాదు, అక్కడ 2015లో చేసిన చట్టం అది: వారానికి ఒక రోజు సెలవు, రోజుకి 12 గంటలకి మించి పని వద్దు, ఏడాదికి నెల రోజుల సెలవు. అన్ని ఇళ్లలో అమలవుతోందని నేననను, వచ్చినవాళ్ల చేతుల మీద కాలిన మచ్చలు చూశాను. మన దగ్గర ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లోనే ఇంటిపనిని కనీస వేతనాల జాబితాలో చేర్చారు. ఆ సంగతి ఇంటివాళ్లకీ తెలియదు, పనివాళ్లకీ తెలియదు.

"మా ఇంట్లో మనిషిలాగే చూసుకుంటామండీ" అనే మాట కూడా ఎక్కువగా వింటాను. అబద్ధం చెప్తున్నారని కాదు, చాలామంది నిజంగానే బాగా చూస్తారు. కానీ ఒక పెద్దావిడ నాతో అన్నది మరచిపోలేను: "ఇంట్లో మనిషినే అయితే ఆదివారం నేనూ ఎనిమిదింటికి లేచేదాన్ని కదమ్మా."

అపోహ: చిన్నపిల్లయితే తక్కువకొస్తుంది, పాపతో ఆడుకుంటుంది

లేదు. 14 ఏళ్లలోపు పిల్లలని ఇంటిపనిలో పెట్టడం 2006 అక్టోబర్ నుంచి నిషేధం. 2016 సవరణ తర్వాత శిక్ష ఆరు నెలల నుంచి రెండేళ్ల జైలు, 20,000 నుంచి 50,000 దాకా జరిమానా, లేదా రెండూ. "మా ఊరి పిల్లే, చదివిస్తాం" అంటారు. చదివించండి, పనికి కాకుండా.

అపోహ: బీమా, బ్యాంకు అంటే పెద్ద తతంగం

కంపెనీ ఉద్యోగులకుండే ఈఎస్‌ఐ ఆరోగ్య బీమా ఇళ్లకి వర్తించదు, నిజమే. కానీ ఆమెకి బ్యాంకు ఖాతా ఉంటే ప్రభుత్వ పథకాల్లో ప్రమాద బీమా ఏడాదికి 20 రూపాయలు, 50 ఏళ్లలోపు వయసైతే జీవిత బీమా 436 రూపాయలు. ఒక్కొక్కటి రెండు లక్షలకి. రెండూ కలిపి 456. మీరు ఒకసారి తెప్పించుకునే బిర్యానీ ఖర్చు కంటే తక్కువే. జీతం కూడా ఖాతాలో వేస్తే నెలాఖరున "ఇచ్చాను, ఇవ్వలేదు" అన్న గొడవ ఉండదు.

అపోహ: ఆయా జీతం టాక్స్‌లో చూపించుకోవచ్చు

చూపించుకోలేరు. పాత పన్ను పద్ధతిలో ప్లేస్కూల్ ట్యూషన్ ఫీజుకి మినహాయింపు ఉంది, ఆయాకి లేదు. మీ కంపెనీలో 50 మంది, అంతకంటే ఎక్కువ ఉంటే మాత్రం 2017 నుంచి ఉన్న నిబంధన ప్రకారం క్రెష్ సౌకర్యం కల్పించాలి. ముందు హెచ్ఆర్‌ని అది అడిగి, తర్వాత నాకు ఫోన్ చేయండి. నాకొక బేరం పోతుంది, పర్లేదు.

అపోహ: అమెరికాలో అయితే గంటకింత ఇచ్చేస్తే అయిపోతుంది

డాలస్ నుంచి, న్యూజెర్సీ నుంచి కూడా ఫోన్లు వస్తాయి, ఇక్కడినుంచి మనిషిని పంపగలరా అని. పంపలేను. అక్కడే పెట్టుకునేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది: ఒక నానీకి ఏడాదిలో ఇచ్చే జీతం ఒక పరిమితిని చేరితే (2025లో అది 2,800 డాలర్లు) సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ అనే పింఛను, వైద్య పన్నుల కింద యజమాని వాటాగా 7.65 శాతం కట్టాలి. గంట రేటులో అది కనిపించదు. "అమ్మ వస్తుంది, ఖర్చు లేదు" అనేవాళ్లు కూడా విమానం టికెట్లు, హెల్త్ ఇన్సూరెన్స్ కలిపి చూసుకోండి. వచ్చినావిడ సాధారణంగా ఆరు నెలలకి వెనక్కి రావాలి, బాబుకి అప్పటికి నడక కూడా వచ్చి ఉండదు. మోకాళ్ల నొప్పులున్న మనిషి రోజంతా ఎత్తుకోవాల్సింది ఆ వయసు పిల్లలనే.

అపోహ: సంక్రాంతికి నాలుగు రోజులే కదా, సర్దుకుంటాం

మా ఆయాల్లో ఎక్కువమంది గోదావరి జిల్లాలవాళ్లు, శ్రీకాకుళంవాళ్లు. సంక్రాంతికి నాలుగు రోజులని వెళ్లినవాళ్లు పది రోజులకి వస్తారు. రైలు టికెట్లు దొరకవు, కనుమ తర్వాత ముక్కనుమ ఉంటుంది, ఆపైన ఎవరింట్లోనో పెళ్లి ఉంటుంది. తిట్టి లాభం లేదు, మనమూ అంతే కదా. తిరుగు టికెట్ మీరే నవంబర్‌లో బుక్ చేసి ఆమె చేతికివ్వండి. బదులు మనిషి కావాలంటే డిసెంబర్ మొదటి వారంలో చెప్పండి. జనవరి 10న ఫోన్ చేస్తే నా దగ్గరా ఎవరూ ఉండరు. ఆ వారం మా అబ్బాయిని చూసుకునే మనిషి కూడా తునిలోనే ఉంటుంది.